టాంకా పొడవు



మా అబ్బా మెషిన్ నల్లది, కాలితో తొక్కేది. కుడిపక్క ఇనప పట్టీ మీద 6 నుంచి 30 దాకా అంకెలు, నడుమ ఒక చిన్న లివర్ ఉండేవి. ఆ అంకె అంటే అంగుళానికి అన్ని టాంకాలని అర్థం. చొక్కాకి 12 దగ్గర పెట్టేవారు. అంకె పెరిగేకొద్దీ టాంకా చిన్నదవుతుంది.

కర్నూలులో మా దుకాణానికి మొదటి కరెంటు మెషిన్, ఫ్యాక్టరీల్లో వాడే రకం, వచ్చిన రోజు అబ్బా దాని గుండ్రటి డయల్ వంక చాలాసేపు చూశారు. 0 నుంచి 5 దాకానే ఉన్నాయి. "ఇదేంది బేటా, దీనికి అయిదు దాటి లెక్కలు రావా?" అన్నారు. ఆ డయల్ హిసాబ్ మిల్లీమీటర్లది. ఒక్కో టాంకా ఎంత పొడవో చెబుతుంది. ఇక్కడ అంకె పెరిగితే టాంకా కూడా పెరుగుతుంది. అంగుళానికి 12 కావాలంటే 25.4ని 12తో భాగించాలి. 2.1 వస్తుంది.

ఈ ఉల్టా లెక్క పుణ్యమా అని దీని తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. కుట్టు మెషిన్ కథ అంటే సూయీ కథ అనుకునేవాణ్ణి. చదివాక తెలిసింది, సగం కథ గుడ్డది. సూదికీ సూదికీ మధ్య గుడ్డ ఎంత జరగాలి? దాన్ని ఎవరు జరపాలి?

చేతికుట్టు కాలంలో ఆ సవాలే లేదు. టాంకా పొడవు ఉస్తాద్ కంట్లో ఉండేది, షాగిర్ద్ ఏళ్ల తరబడి చూసి నేర్చుకునేవాడు. ఈ హునర్‌ని మన దర్జీలు ఇద్రీస్ అలైహిస్సలాం దాకా తీసుకెళ్తారు. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో మెషిన్‌కి పేటెంట్ తీసుకుని, పారిస్‌లో 80 మెషిన్లతో ఫౌజీ దుస్తులు కుట్టించాడు. 1831లో తోటి దర్జీలే గుంపుగా వచ్చి వాటిని పగలగొట్టారు. రోజీ పోతుందన్న భయం. వాళ్లది తప్పని అనడానికి నాకు నోరు రాదు.

అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంట్ పొందాడు. అంతకు ముందటేడు బోస్టన్‌లో అయిదుగురు కుట్టుపని అమ్మాయిలతో పందెం పెట్టి గెలిచాడు. మెషిన్ నిమిషానికి 250 టాంకాలు వేసింది. కానీ గుడ్డ సంగతి చూడండి. మేకుల్లాంటి ముళ్లున్న ఒక పట్టీకి గుడ్డను నిలువుగా గుచ్చి వేలాడదీయాలి. ఆ పట్టీ కొంచెం కొంచెంగా జరుగుతుంది. పట్టీ అయిపోగానే మెషిన్ ఆపి, గుడ్డ తీసి, మళ్లీ గుచ్చాలి. సీదా కుట్టు తప్ప వంపు తిరగదు. చంక, మెడ కుట్టలేని మెషిన్‌ని ఏ దర్జీ కొంటాడు?

1851లో సింగర్ గుడ్డను బల్ల మీద పడుకోబెట్టాడు. పైనుంచి ఒక పాదం అదిమి పట్టింది, కింద పళ్ల చక్రం జరిపింది. ఇక అసలు కమాల్ చేసినవాడు అలెన్ విల్సన్, వడ్రంగి పని తెలిసిన మనిషి. 1854లో అతను పేటెంట్ చేసిన పళ్లు నాలుగు కదలికలు చేస్తాయి: లేస్తాయి, గుడ్డను ముందుకు తోస్తాయి, దిగుతాయి, ఖాళీగా వెనక్కి వస్తాయి. దిగినప్పుడు గుడ్డకు ఆజాదీ. దర్జీ ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఈరోజు మీ ఇంట్లో ఉన్న మెషిన్ పాదం ఎత్తి చూడండి, అవే పళ్లు.

ఆ పళ్లు ముందుకు ఎంత దూరం తోస్తాయో అదే టాంకా పొడవు. డయల్ తిప్పితే ఆ దూరమే మారుతుంది. సున్నాకి తెస్తే గుడ్డ ఉన్నచోటే ఉంటుంది. రివర్స్ లివర్ నొక్కితే పళ్ల తోపు దిశ మారి, గుడ్డ వెనక్కి వస్తుంది.

మెషిన్లు మన దేశం చేరాక దర్జీ బస్తీలను మార్చేశాయి. యంత్రాలంటే గిట్టని గాంధీజీ కూడా 1924లో సింగర్ మెషిన్‌కి మినహాయింపు ఇచ్చారు. 1930లలో కలకత్తాలో ఉషా మొదలయ్యాక దేశీ మెషిన్ కూడా వచ్చింది.

ఇక నా సొంత మాట. ఒక రంజాన్‌లో స్కూలు ప్యాంట్ల ఆర్డర్ వచ్చింది. కూలీ ప్యాంటుకింత అని ఇస్తారు. మెషిన్ నిమిషానికి 4,000 టాంకాలు వేస్తుందనుకోండి. 2.1 దగ్గర 8.4 మీటర్లు కుడుతుంది, 3.5 దగ్గర 14 మీటర్లు. ఆ తేడా చూసి నాకు లాలచ్ పుట్టింది. డయల్ 3.5కి తిప్పాను. ధాగా కూడా తక్కువ పడుతుంది కదా! ఈద్ అయిన రెండు వారాలకు ప్యాంట్లు వెనక్కి రావడం మొదలైంది. పిల్లలు కూర్చుంటే, గెంతితే, వెనక సీవన్ విచ్చుకుంటోంది.

అబ్బా ఒక ప్యాంటు తిరగేసి, టేపు పెట్టి, గోటితో లెక్కపెట్టారు. "సాత్" అన్నారు. అంతే. తిట్టలేదు. గద్దె మీద తన చోటు సర్దుకుని సూది అందుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టారు.

మళ్లీ 2.1కి తేవాలంటే డయల్ గట్టిగా బిగిసి తిరగలేదు. రివర్స్ లివర్‌ని కిందికి నొక్కి పట్టుకుని తిప్పాలని మిస్త్రీ చెప్పాడు. అలా నొక్కితే లోపలి స్ప్రింగ్ ఒత్తిడి వదులుతుంది. పెద్ద నుంచి చిన్నకు తెచ్చేటప్పుడు తప్పనిసరి. జబర్దస్తీగా తిప్పితే డయల్ పాడవుతుంది.

వచ్చిన ప్రతి ప్యాంటు మళ్లీ కుట్టి ఇచ్చాం. రిజ్క్ విషయంలో ఆ నెల హిసాబ్ అడగకండి.

ఇప్పుడు కొత్త కుర్రాడు ఎవరొచ్చినా డయల్ అంకెను నమ్మనివ్వను. గుడ్డ మందాన్ని బట్టి, పాదం ఒత్తిడిని బట్టి అసలు టాంకా కాస్త మారుతుంది. ఆర్డర్ గుడ్డ ముక్క మీదే ఒక జాన కుట్టి, టేపు పెట్టి అంగుళంలో ఎన్నో గట్టిగా లెక్కపెట్టి నాకు వినిపించాలి.