తల ఎత్తు, బాబాయ్!

పురుగుమందు ఒంటపట్టిన రైతు రెండో రోజుకు కళ్లు తెరిచి మాట్లాడతాడు. గండం గడిచిందని ఇంటివాళ్లు మొక్కులు కూడా మొక్కేసుకుంటారు. ఐసీయూ పని తెలిసిన సిస్టరు మాత్రం అంత తొందరగా నమ్మదు. ‘బాబాయ్, తలగడ మీంచి ఓసారి తల ఎత్తు’ అంటుంది. ఎత్తలేకపోతే వెంటనే డాక్టరుకు కబురు పెట్టి, వెంటిలేటరు సిద్ధం చేయిస్తుంది. మెడ కండరాలు సడలాయంటే తర్వాత వంతు ఊపిరి తీసే కండరాలదే కావచ్చు.

ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ముంచుకొచ్చే ఈ రెండో గండాన్ని శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియెద్దె 1987లో పదిమంది రోగులను గమనించి లోకానికి వివరించారు. ఆ 1987–88 పంటకాలంలోనే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. శ్రీలంక డాక్టర్లు రాసిన పాఠం ఎక్కడైనా అవసరమైతే, ఈ నల్లరేగడి నేల మీదే.

గుంటూరుకు నర్సుల చదువు కొత్తకాదు. అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆస్పత్రి కట్టించి, 1930లో చనిపోయేదాకా గుంటూరునే నమ్ముకుంది. ఆ ఆస్పత్రిలో స్థానిక అమ్మాయిలు నర్సింగ్ నేర్చుకున్నారు. అయితే ఆ కాలపు నర్సింగ్‌లో నాడి, జ్వరం చూసి రాయడం వరకే నర్సుది, నిర్ణయం డాక్టరుది.

ఆ గీత విదేశాల్లో చెరిగింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలి రోగులకు ఊపిరి ఆడనప్పుడు, డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సలహాతో ఇంకా డాక్టర్లు కాని వందలాది వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ రేయింబవళ్లు ఊపిరి పోశారు. 1960లలో అమెరికాలో గుండెజబ్బు వార్డులు మొదలైనప్పుడు, ఈసీజీ చదివి, డాక్టరు వచ్చేలోగానే గుండెకు షాక్ ఇచ్చే అధికారం నర్సులకు దక్కింది. తెలివి ఎప్పుడూ ఉంది. దక్కింది అనుమతే.

ఇక మన దగ్గరికొస్తే, ప్రకాశం జిల్లాలో సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం నుంచి ఒంగోలు ఇరవై కిలోమీటర్ల లోపే. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక రోగి సకాలంలో ఆస్పత్రి చేరడం తేలికైంది. చేరాక కాచుకోవాల్సింది నర్సు. విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కిస్తూ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గురగుర తగ్గిందా అని వినాలి, చెమట ఆరిందా, నాడి పుంజుకుందా చూడాలి. మోతాదు మించితే రోగికి జ్వరం కాస్తుంది, సంధి పుడుతుంది, దుప్పటి పీక్కుంటాడు. చాలకపోతే నురగతో ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఈ తూకం పుస్తకంతో రాదు, తెలిసిన సీనియర్ సిస్టరు పక్కన రాత్రులు నిలబడాలి.

భారత నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కోర్సు తెచ్చింది. మంచిదే. కానీ జిల్లా ఆస్పత్రిలో ఇవాళ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరుకు రెండేళ్ల సెలవెవరిస్తారు? ఆమెకు పాఠం ఆ వార్డులోనే, డ్యూటీ గంటల్లోనే చెప్పాలి. పత్తి, మిర్చి చేలకు మందు కొట్టే నెలలు మొదలయ్యేలోపే చెప్పాలి.