గుర్రాల టీకా, వీధికుక్కల ఆపరేషన్

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద తిరిగే వీధికుక్కకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయాలంటే వల వేసి పట్టాలి, వ్యానెక్కించాలి, కోత మానేదాకా బోనులో ఉంచాలి, చెవికి గాటు పెట్టి పట్టిన చోటే వదలాలి. కత్తి లేకుండా సూదితోనే ఈ పని కానిచ్చే ప్రయత్నం యాభై ఏళ్లుగా సాగుతోంది. అది ఎక్కువగా ఫలించింది గుర్రాల్లో.

1972లో హ్యామ్‌స్టర్ అండాలకు అండాశయ యాంటీబాడీలు కలిపి చూస్తే వీర్యకణాలు వాటిలోకి చొరబడలేకపోయాయి. ఆ అడ్డు పడేది అండాన్ని చుట్టి ఉండే ‘జోనా పెల్లూసిడా’ పొర దగ్గరని తర్వాత తేలింది. పంది అండం పొరను గుర్రానికి ఎక్కిస్తే, దానిపై పుట్టిన యాంటీబాడీలు గుర్రం సొంత అండాలనూ కప్పేస్తాయి. కబేళాల్లో దొరికే పంది అండాశయాలే ముడిసరుకు. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇర్విన్ లియూ ఈ టీకాను ఆడగుర్రాలపై పరీక్షించాడు. 1988లో జే కిర్క్‌ప్యాట్రిక్, జాన్ టర్నర్ అమెరికాలోని అస్సాటీగ్ దీవి అడవి గుర్రాలకు దాన్ని తుపాకీ బాణంతో వేశారు. గుర్రాన్ని పట్టకుండా, పేడలోనూ మూత్రంలోనూ హార్మోన్లు చూసి చూలు కట్టిందో లేదో చెప్పే పరీక్షలను కూడా కిర్క్‌ప్యాట్రిక్ బృందమే రూపొందించింది. నా దృష్టిలో టీకాతో సమానమైన ఘనత అది. 2012లో ఈ టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండో దారి, సంతానోత్పత్తిని నడిపించే, మెదడు నుంచి వెలువడే జీఎన్ఆర్‌హెచ్ హార్మోన్‌ను అడ్డుకోవడం. అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో తయారైన ‘గోనాకాన్’ టీకాకు 2009లో జింకల విషయంలో, 2013లో గుర్రాల విషయంలో అనుమతి దక్కింది. ఇదే హార్మోన్‌పై ఢిల్లీలో జి.పి. తల్వార్ కూడా టీకా పరిశోధన చేశారు.

కుక్క దగ్గరే కథ అడ్డం తిరిగింది. పంది పొర టీకా 1980లలోనే ఆడకుక్కల అండాశయాలను దెబ్బతీసింది. గోనాకాన్ సూది గుచ్చిన చోట వాపులు కనిపించాయి. అందుకే మనకు ఆపరేషనే మిగిలింది: చెన్నై బ్లూక్రాస్ 1964లో మొదలుపెట్టింది, 1996లో అక్కడి కార్పొరేషన్ అందుకుంది, 2001 నిబంధనలతో దేశమంతటికీ వచ్చింది, 2023లో కొత్త నిబంధనలు వెలువడ్డాయి. తెలంగాణలోని నిర్మల్ కోతుల సంరక్షణ కేంద్రంలో చేస్తున్నదీ ఆపరేషనే.

అయినా 2009లో వెలువడిన ఒక పరిశోధన నాకు ఆశ కలిగిస్తోంది. గోనాకాన్‌నూ రేబిస్ టీకానూ ఒకేసారి వేసినా కుక్కల్లో రేబిస్ రక్షణ తగ్గలేదు. వాపు రాని మందు దొరికితే, రేబిస్ సూది వేసే వేళే రెండో సూదీ వీధిలోనే వేసేయవచ్చు. మన ప్రయోగశాలలు ముందు తేల్చాల్సింది ఆ వాపు సంగతే.