1993లో అడిగారు, 2021లో వచ్చింది: ఒక డేట్ బాక్స్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న డబ్బా గురించి. ట్రైన్ టికెట్ బుక్ చేసినా, ఎగ్జామ్‌కి అప్లై చేసినా, కరెంటు బిల్లు కట్టినా మన వేలు పడేది ఆ డబ్బాలోనే. పేరు రాసే డబ్బా, టిక్కు పెట్టే డబ్బా, తేదీ ఎంచుకునే డబ్బా. డెవలపర్లు వీటిని ఇన్‌పుట్ కంట్రోల్స్ అంటారు. దీనికీ ఒక హిస్టరీ ఉందా అంటారేమో. ఉంది. అందులో గొడవలున్నాయి, ఓటింగ్ ఉంది, ఒక తిరుగుబాటు కూడా ఉంది.

మొదట్లో వెబ్‌లో అసలు ఏమీ రాసే వీల్లేదు. టిమ్ బెర్నర్స్ లీ సెర్న్‌లో వెబ్ తయారు చేసినప్పుడు అది ప్రధానంగా డాక్యుమెంట్లు చదువుకోడానికి. అప్పట్లో ఐజిండెక్స్ అని ఒక ట్యాగ్ ఉండేది. అది పెడితే పేజీ మొత్తానికి ఒకే ఒక్క సెర్చ్ డబ్బా వస్తుంది. అందులో ఒక మాట కొట్టి సర్వర్‌కి పంపొచ్చు. రెండో డబ్బా కావాలంటే లేదు. మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ విడివిడిగా అడిగే దారే లేదన్నమాట.

1993లో సీన్ మారింది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ దగ్గరున్న ఎన్‌సీఎస్ఏ వాళ్ళ మొజాయిక్ బ్రౌజర్‌లో నింపే ఫారాలు వచ్చాయి. అదే టైమ్‌లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, హెచ్‌పీ ల్యాబ్స్‌లో పనిచేసే డేవ్ రాగెట్ "హెచ్‌టీఎంఎల్ ప్లస్" అని ఒక డ్రాఫ్ట్ రాశాడు. అందులో ఇన్‌పుట్ రకాల లిస్టు చూస్తే మతి పోతుంది. మామూలు టెక్స్ట్, పాస్‌వర్డ్, చెక్‌బాక్స్, రేడియో ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు పూర్ణసంఖ్యకి ఒకటి, దశాంశ సంఖ్యకి ఒకటి, వెబ్ అడ్రస్‌కి ఒకటి, పెన్నుతో గీయడానికి ఒకటి, గొంతు రికార్డ్ చేయడానికి ఒకటి, ఇంకా తేదీకి ఒకటి. ఒక్కసారి ఆలోచించండి, 1993లో! మన ఇళ్ళల్లో చాలామందికి ల్యాండ్‌లైన్ కూడా లేని రోజులు.

రేడియో బటన్ పేరు గురించి చిన్న బ్రేక్. పాత కార్ల రేడియోల్లో స్టేషన్ మార్చడానికి వరసగా బటన్లుండేవి. ఒకటి నొక్కితే అంతకుముందు నొక్కింది టక్కున పైకి లేచేది. ఒకేసారి రెండు స్టేషన్లు వినలేం కదా. "ఇన్ని ఆప్షన్లలో ఒక్కటే" అనే ఆ గుండ్రటి చుక్కలకి పేరు అక్కణ్ణుంచి వచ్చింది. ఇప్పుడు ఆ రేడియోలు లేవు, పేరు మిగిలింది.

సరే, రాగెట్ లిస్టు ఏమైంది? 1995 నవంబర్‌లో హెచ్‌టీఎంఎల్ 2.0 అధికారికంగా వచ్చింది. దాన్ని రాసింది బెర్నర్స్ లీ, డాన్ కనోలీ. వాళ్ళు ఊహల జోలికి పోలేదు. 1994 నడిమికి బ్రౌజర్లలో అప్పటికే వాడుకలో ఉన్నదాన్ని మాత్రమే కాగితం మీద పెట్టారు. అందుకే ఇన్‌పుట్ రకాలు ఎనిమిదే: టెక్స్ట్, పాస్‌వర్డ్, చెక్‌బాక్స్, రేడియో, సబ్మిట్, రీసెట్, ఇమేజ్, హిడెన్. అదే నెలలో ఫైల్ అప్‌లోడ్ డబ్బా కోసం జిరాక్స్ కంపెనీకి చెందిన ఇద్దరు వేరే డాక్యుమెంట్ రాశారు. మనం ఇవాళ రెజ్యూమె అప్‌లోడ్ చేస్తున్నామంటే అది దాని పుణ్యమే. తేదీ డబ్బా మాత్రం గల్లంతు.

ఆ తర్వాత 1997 డిసెంబర్‌లో హెచ్‌టీఎంఎల్ 4.0 వచ్చి లేబుల్, ఫీల్డ్‌సెట్, బటన్ ఇచ్చింది. ఇక అంతే, బండి ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, 7 వచ్చింది 2006లో. మధ్యలో ఐదేళ్ళు! ఆ ఎక్స్‌ప్లోరర్ 6లో ఇంకో విచిత్రం. డ్రాప్‌డౌన్ లిస్టుని బ్రౌజర్ తను గీయకుండా విండోస్‌కి అప్పజెప్పేది. దాంతో పేజీలో దాని మీద మీరేం పెట్టినా డ్రాప్‌డౌన్ దాన్ని చీల్చుకుని పైకొచ్చేది. మెనూ తెరిస్తే మెనూలోంచి ఇంకో డబ్బా తొంగి చూసేదన్నమాట. దాన్ని కప్పడానికి డెవలపర్లు కింద ఒక ఖాళీ ఐఫ్రేమ్ దూర్చేవాళ్ళు. సిగ్గు లేని హ్యాక్, కానీ పనిచేసేది.

తేదీ డబ్బా లేకపోతే ఏంటి నష్టం? ఎవరికి వాళ్ళు జావాస్క్రిప్ట్‌లో సొంత క్యాలెండర్ కట్టుకున్నారు. 2007లో జేక్వెరీ యూఐ వచ్చాక దాని డేట్‌పికర్ లెక్కలేనన్ని సైట్లలోకి పాకింది. చూడ్డానికి బావుంటుంది. వాడే మనిషిని బట్టి చూస్తే కథ వేరు. మా తాతయ్య పుట్టింది 1951లో. కొన్నేళ్ళ కిందట ఆయన పని మీద ఒక ఆన్‌లైన్ ఫారం నింపాం. ఏ ఆఫీసో చెప్పను గానీ, పుట్టిన తేదీ దగ్గర క్యాలెండర్ తెరుచుకుంది, అదీ ఆ నెల పేజీలో. వెనక్కి వెళ్ళడానికి ఒక్కటే బాణం గుర్తు, ఒక్కో నొక్కుకి ఒక్కో నెల. లెక్కేసుకోండి, దాదాపు 800 నొక్కులు. టైప్ చేద్దామంటే డబ్బా లాక్. తాతయ్య నెమ్మదిగా, "నేను పుట్టినంత దూరం వీళ్ళ క్యాలెండర్ రాదేమో నాన్నా" అన్నారు. నేను బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి ఆ లాక్ తీసేసి తేదీ కొట్టాను. బీటెక్ చదివిన మనవడు పక్కన లేని తాతయ్యలు ఏం చేయాలి? చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్‌కి ఆ క్యాలెండర్ చాలాసార్లు అర్థంలేని నంబర్ల గుట్టలా వినిపిస్తుంది. బ్రౌజర్ స్వయంగా ఇచ్చే కంట్రోల్‌కీ, మనం డబ్బాలు పేర్చి తయారు చేసే కంట్రోల్‌కీ అసలు తేడా అక్కడుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు తిరుగుబాటు సంగతి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ దృష్టిలో హెచ్‌టీఎంఎల్ పని అయిపోయింది. భవిష్యత్తంతా ఎక్స్ఎంఎల్‌దే. ఫారాలకి వాళ్ళ జవాబు ఎక్స్‌ఫామ్స్, 2003 అక్టోబర్‌లో విడుదలైంది. సాంకేతికంగా చక్కగా ఉండేది, అది ఒప్పుకోవాలి. కానీ అప్పటికే ఉన్న కోట్లాది పేజీలతో దానికి పొసగదు. పెద్ద బ్రౌజర్లేవీ దాన్ని తమ లోపల పెట్టుకోలేదు.

2004 జూన్ మొదట్లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో డబ్ల్యూ3సీ ఒక వర్క్‌షాప్ పెట్టింది. మొజిల్లా, ఒపెరా వాళ్ళు కలిసి ఒక పేపర్ పట్టుకెళ్ళారు. సారాంశం ఇది: ఉన్న హెచ్‌టీఎంఎల్‌నే పెంచుదాం, పాత పేజీలు విరగ్గొట్టొద్దు. ఓటింగ్‌లో ఓడిపోయారు. ఓడి ఊరుకోలేదు. కొద్ది రోజుల్లోనే ఒపెరా, మొజిల్లా, యాపిల్ మనుషులు కలిసి సొంత గ్రూప్ ప్రకటించారు. దాని పేరు డబ్ల్యూహెచ్ఏటీడబ్ల్యూజీ. పలకాలంటే నోరు తిరగదు, మనం వాట్ గ్రూప్ అనుకుందాం. వాళ్ళు చేపట్టిన మొదటి పనుల్లో ఒకటి వెబ్ ఫామ్స్ 2.0, అప్పుడు ఒపెరాలో ఉన్న ఇయాన్ హిక్సన్ ఎడిటర్‌గా. తేదీ, టైమ్, నంబర్, స్లయిడర్, ఈమెయిల్, వెబ్ అడ్రస్. రాగెట్ లిస్టులో చాలా భాగం 11 ఏళ్ళకి మళ్ళీ ఊపిరి పోసుకుంది.

వీళ్ళ ప్లాన్ మొత్తం ఒక చిన్న అలవాటు మీద నిలబడింది. బ్రౌజర్‌కి తెలియని ఇన్‌పుట్ రకం ఎదురైతే అది అలిగి పేజీ ఆపేయదు, మామూలు టెక్స్ట్ డబ్బా చూపిస్తుంది. అంటే ఈ రోజు మీరు కోడ్‌లో టైప్ డేట్ అని రాస్తే కొత్త బ్రౌజర్‌లో క్యాలెండర్, పాత బ్రౌజర్‌లో ఖాళీ డబ్బా. ఎవరూ బయట ఉండిపోరు. నా లెక్కలో ఈ గుణం ముందు ఎక్స్‌ఫామ్స్ అందం దిగదుడుపే.

ఆ ఏడాదే యాపిల్ కూడా ఒక అల్లరి పని చేసింది. తన డ్యాష్‌బోర్డ్ కోసం సెర్చ్ డబ్బానీ, స్లయిడర్‌నీ ఎవర్నీ అడక్కుండా సఫారీ ఇంజిన్‌లో పెట్టేసింది. వెబ్ పెద్దలు తిట్టారు. చివరికి రెండూ స్టాండర్డ్‌లోకి వచ్చేశాయి.

2006లో ఒపెరా 9 వెబ్ ఫామ్స్ 2.0ని నిజంగా చేసి చూపించింది, డేట్ పికర్‌తో సహా. అదే అక్టోబర్‌లో బెర్నర్స్ లీ, అందరినీ ఒకేసారి ఎక్స్ఎంఎల్‌కి మార్చాలన్న ప్రయత్నం ఫలించలేదని బహిరంగంగా రాశాడు. 2007లో డబ్ల్యూ3సీ తిరిగొచ్చి వాట్ గ్రూప్ పనినే ఆధారంగా తీసుకుంది. అదే మనం హెచ్‌టీఎంఎల్5 అని పిలిచేది, 2014 అక్టోబర్‌లో దానికి తుది ముద్ర పడింది.

కానీ ఫారాలకి అసలు ఊపు తెచ్చింది కమిటీ కాదు, ఫోన్. గాజు మీద కీబోర్డ్ అంటే బటన్లు మార్చుకోవచ్చు కదా. ఈమెయిల్ అని రాస్తే అట్ గుర్తు ముందుకొస్తుంది, ఫోన్ నంబర్ అంటే అంకెల ప్యాడ్ వస్తుంది. ఒక్క పదం ఖర్చుకి ఇంత లాభం. 2011లో ఐఓఎస్ 5లో తేదీకి తిరిగే చక్రం వచ్చింది. 2012లో కంప్యూటర్ క్రోమ్‌లో, 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57లో డేట్ బాక్స్ వచ్చాయి. అన్నిటికన్నా ఆఖరున, 2021 ఏప్రిల్‌లో, మ్యాక్ సఫారీ 14.1లో. 1993 నుంచి లెక్కేస్తే 28 ఏళ్ళు!

ఎందుకంత ఆలస్యం? తేదీ చాలా గడుసుది. వారం ఆదివారంతో మొదలా, సోమవారంతోనా? 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికాలో మన కజిన్‌కి మే 6. అందుకే స్టాండర్డ్‌లో ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. స్క్రీన్ మీద మీ అలవాటు ప్రకారం చూపించు, సర్వర్‌కి మాత్రం ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరసలోనే పంపు. ఇక డిజైనర్ల గోల ఒకటి, మా సైట్ రంగులు రావట్లేదని. డ్రాప్‌డౌన్‌కీ ఇదే గోల. దానికి 2025లో క్రోమ్ 135లో పూర్తిగా మన ఇష్టం వచ్చినట్టు అలంకరించుకునే సెలెక్ట్ వచ్చింది. తెలియని బ్రౌజర్‌లో మామూలు సెలెక్టే కనిపిస్తుంది. చూశారా, మళ్ళీ అదే పాత అలవాటు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, డెవలపర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వినండి. అంకెలు కనిపించగానే టైప్ నంబర్ పెట్టేయకండి. ఆధార్‌లో 12 అంకెలున్నాయి, పిన్ కోడ్‌లో 6 ఉన్నాయి. అవి సంఖ్యలు కాదు, అంకెలతో రాసిన పేర్లు. మీ ఆధార్‌కి ఒకటి కలిపితే దానికి అర్థమే ఉండదు! కార్డ్ నంబర్లకీ పోస్టల్ కోడ్లకీ ఇది వాడొద్దని స్టాండర్డే చెబుతుంది. బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ టీమ్ 2020లో ఈ రకాన్ని పక్కన పెట్టింది. వాళ్ళ కారణాల్లో ఒకటి, మౌస్ చక్రం పొరపాటున తిరిగితే డబ్బాలో నంబర్ మారిపోవడం. దానికి బదులు టైప్ టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ పెట్టండి. అంకెల కీబోర్డే వస్తుంది, చక్రం బాధ ఉండదు. ఓటీపీ డబ్బాకైతే ఆటోకంప్లీట్‌లో వన్ టైమ్ కోడ్ అని రాయండి. 2018లో ఐఓఎస్ 12 నుంచి మెసేజ్‌లోని కోడ్‌ని కీబోర్డ్ పైనే చూపిస్తుంది.

చివరిగా మన భాషకి సంబంధించింది. ఈమెయిల్ డబ్బా మీరు రాసింది సరిగ్గా ఉందో లేదో తనే చూస్తుంది. ఏది సరైన ఈమెయిల్ అనే పాత ఇంటర్నెట్ నిబంధన మరీ గజిబిజి అని, దాన్ని తెలిసే ఉల్లంఘిస్తున్నామని హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్‌లో బాహాటంగా రాసుకున్నారు. బదులుగా పెట్టిన ఫార్ములాలో అట్ గుర్తుకి ముందు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఒప్పు. మరోపక్క 2012లోనే ఏ లిపిలోనైనా ఈమెయిల్ అడ్రస్ ఉండొచ్చని ఇంటర్నెట్ ప్రమాణం వచ్చింది. 2014లో జీమెయిల్ అలాంటి అడ్రస్‌లకి మెయిల్ పంపడం మొదలుపెట్టింది. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా ఉంది. అంటే తన పేరు తెలుగులో పెట్టుకున్న ఈమెయిల్ ఒకరికి నిజంగా ఉండొచ్చు, దానికి మెయిల్ చేరొచ్చు. కానీ ఆ ఫార్ములా పాటించే బ్రౌజర్‌లోని ఈమెయిల్ డబ్బా "ఇది తప్పు" అని ఎర్ర గీత గీస్తుంది, ఫారం ముందుకి కదలనివ్వదు.

మీ సైట్‌లో ఇది జరగకూడదంటే టైప్ టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్ ఈమెయిల్ పెట్టండి. అట్ గుర్తున్న కీబోర్డ్ వస్తుంది, తనిఖీ మాత్రం ఉండదు. అడ్రస్ నిజమో కాదో ఒక కన్ఫర్మేషన్ మెయిల్ పంపి తేల్చుకోండి, ఎలాగూ పంపాల్సిందేగా. పనిలో పని, మీ మెయిల్ సర్వర్ అలాంటి అడ్రస్‌లు తీసుకుంటుందో లేదో కూడా కనుక్కోండి. ఈసారి ఎపిసోడ్ కీబోర్డ్‌లోకి తెలుగు ఎలా వచ్చిందో దాని మీద. ఉంటాను మరి, బై.