కళింగాంధ్ర చరిత్ర పరిశోధన: వ్యక్తి కృషి నుంచి సంఘ కృషికి

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరాన్ని గుర్తించడంలో స్థానిక ఉపాధ్యాయుని కృషి కీలకమైనది. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) శాసన లిపులను స్వయంకృషితో నేర్చుకొని, ముఖలింగ ఆలయ శాసనాలను చదివి, ఆ నగరం ముఖలింగమేనని ప్రతిపాదించారు. నడగాంలో లభించిన వజ్రహస్తుని తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. విజయనగరంలో గురజాడ అప్పారావు సంస్థాన శాసన పరిశోధకులుగా పనిచేశారు.

అయితే వ్యక్తి కృషి ఆ వ్యక్తితోనే ముగిసే ప్రమాదం ఉంది. దానికి కొనసాగింపునిచ్చేది సంఘం. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి సొంత పత్రికను నడుపుతూ, 1930లో పలువురు పండితుల వ్యాసాలతో కళింగదేశ చరిత్రపై ప్రత్యేక సంచికను వెలువరించింది. ఆ విధంగా వేర్వేరు ఊళ్ల పరిశోధన ఒకచోట చేరింది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరగా, ముఖలింగం ఇటే మిగిలింది. గిడుగు రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. ఒకే రాజ్య చరిత్రకు చెందిన ఆధారాలు రెండు పాలనల మధ్య చీలాయి. కనుక కళింగ చరిత్రను ఏ ఒక్క జిల్లా సంఘమో సమగ్రంగా రక్షించలేదు.

కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం తెలుగు కథలకు చేసిన సేవ ఇక్కడ గమనార్హం. రచయితలు, పాఠకులు ఇచ్చిన పుస్తకాలు, పత్రికలతో అది పెరిగింది. శాసన ప్రతులకూ, గ్రామ చరిత్రలకూ అటువంటి ఉమ్మడి భాండారం అవసరం.