బ్యాండుకు దొరికిన బాణీ

రవీంద్రనాథ్ టాగోర్ రాసిన కొత్త పాట ఒకటి 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో తొలిసారి వినిపించింది. అదే రోజు ఐదో జార్జి చక్రవర్తికి స్వాగతం పలుకుతూ మరొకరు రాసిన హిందీ పాటా పాడారు. మర్నాడు ఇంగ్లీషు పత్రికలు రెండింటినీ కలగాపులగం చేసి, టాగోర్ రాజుగారిని పొగిడారని రాసేశాయి. విలేకరుల ఆ పొరపాటు ‘జనగణమన’ను ఏళ్ల తరబడి వెంటాడింది. తాను కీర్తించింది యుగయుగాలుగా దేశాన్ని నడిపిస్తున్న సారథిని గాని ఏ జార్జినీ కాదని 1937లో కూడా కవి ఉత్తరం రాసి చెప్పుకోవలసి వచ్చింది.

1912 జనవరిలో ‘తత్త్వబోధిని పత్రిక’లో అచ్చయినా, బెంగాల్ దాటి ఆ పాట ఎరిగినవారు తక్కువే. దాని ప్రయాణం మలుపు తిరిగింది మన మదనపల్లెలో.

అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు అప్పట్లో ప్రిన్సిపాల్ ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. ఆయన ఆహ్వానం మీద 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్రలో ఉన్న టాగోర్ వచ్చి కొన్నాళ్లు విశ్రమించారు. ఒక సాయంత్రం విద్యార్థులంతా కూడినచోట ఈ పాట పాడి వినిపించారు. కొండలూ నదులూ ప్రాంతాల పేర్లూ వరసగా వస్తుంటే పిల్లలు ఉత్సాహం పట్టలేక పల్లవి అందుకున్నారట. కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలు. కవి నోట విని ఆమె స్వరాలను కాగితం మీద పెట్టారు. ఫిబ్రవరి 28న టాగోర్ తానే ఇంగ్లీషులోకి అనువదించి, ‘మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరుపెట్టారు. కళాశాల దాన్ని తన ప్రార్థనాగీతం చేసుకుంది.

బాణీయే మదనపల్లెలో పుట్టిందని మనవాళ్లు కొందరు గొప్పగా చెబుతారు. అంతదూరం పోనక్కర్లేదు, పాట అప్పటికి ఏడేళ్లుగా పాడుతున్నదే. గొంతు నుంచి గొంతుకు మారుతూ వచ్చిన వరస, పాశ్చాత్య వాద్యకారులు సైతం చదవగల స్వరలిపిలోకి అక్కడ వచ్చింది. ఆ ఘనత చాలదా?

తర్వాతి మజిలీ ఎవరూ ఊహించనిది. 1942 సెప్టెంబరు 11న జర్మనీలోని హాంబర్గ్‌లో, సుభాష్ చంద్రబోస్ సమక్షంలో, అక్కడి వాద్యబృందం స్వతంత్ర భారత గీతంగా దాన్ని వాయించింది. స్వతంత్ర భారతమంటూ ఇంకా లేనే లేదు! మరుసటి ఏడు నేతాజీతో జలాంతర్గామిలో ఆసియాకు బయలుదేరిన ఒకే ఒక్క భారతీయుడు హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్. ఆజాద్ హింద్ ప్రభుత్వం కోసం పాటకు హిందుస్తానీ రూపం సిద్ధం చేయడంలో ఆయన చెయ్యి ఉంది. కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురి దానికి సైనికులు కదం తొక్కే ఊపు తెచ్చారు.

అసలు చిక్కు 1947 ఆగస్టు 15 తర్వాత ఎదురైంది. దేశానికి జెండా ఉంది, జాతీయగీతం ఖరారు కాలేదు. అంతవరకు సైనిక బ్యాండ్లు వాయించిన ‘గాడ్ సేవ్ ది కింగ్’ ఇక కుదరదు. మరి ఏం వాయించాలి? సైన్యం అడిగింది, విదేశాల్లోని రాయబారులూ అడిగారు. ఢిల్లీ దగ్గర జవాబు లేదు.

ఆ ఏడే న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశాల సందర్భంగా ఒక వేడుకకు మీ జాతీయగీతం ఇవ్వండని మన ప్రతినిధులను అడిగారు. లేదని చెప్పడం తలవంపు. అదృష్టవశాత్తూ వాళ్ల దగ్గర ‘జనగణమన’ గ్రామఫోను రికార్డు ఉంది. దాన్నే వాద్యబృందానికి ఇస్తే, వాళ్లు విని సాధన చేసి నిండు సభలో వాయించారు. విన్నవాళ్లు మెచ్చుకోవడమే కాదు, అనేక దేశాల ప్రతినిధులు స్వరలిపి కావాలని అడిగారు. ఈ సంగతంతా 1948 ఆగస్టులో నెహ్రూ రాజ్యాంగ సభకు చెప్పారు. గవర్నర్ల అభిప్రాయం అడిగితే ఒక్కరు తప్ప అందరూ ఈ పాటకే మొగ్గారు.

అయితే పోటీలో ఉన్నది చిన్న పాట కాదు. ‘వందేమాతరం’ నినాదంతో లాఠీలు తిన్నవాళ్లు, జైళ్లకు వెళ్లినవాళ్లు దేశమంతటా ఉన్నారు. దాని మీద ముస్లింల అభ్యంతరాలు ఒక చిక్కయితే, బ్యాండుకు లొంగదన్న మాట మరొకటి. ఆ రెండో మాట తప్పని నిరూపించాలని పుణె గాయకుడు మాస్టర్ కృష్ణారావు పట్టుబట్టారు. బ్యాండు వాయించగల వరస కట్టారు, ఢిల్లీ వెళ్లి నాయకులకు వినిపించారు. నిర్ణయం మారలేదు. గెలిచిన పాట కథ చెప్పేటప్పుడు ఈయన శ్రమను దాటేయడం అన్యాయమనే నా ఉద్దేశం.

1950 జనవరి 24న రాజ్యాంగ సభలో అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఒక ప్రకటన చదివారు. తీర్మానం లేదు, ఓటింగు లేదు. ‘జనగణమన’ జాతీయగీతం, ‘వందేమాతరా’నికి సమాన గౌరవం. అంతే, ముగిసింది. ఇప్పుడు రాష్ట్రపతి వచ్చినా, గవర్నరు వందనం స్వీకరించినా ఈ పాట వినిపిస్తుంది. పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు, పొట్టి రూపమైతే 20.

ఆ 52 సెకన్లలో పట్టేది మొదటి చరణమే. టాగోర్ రాసినవి 5. మిగతా నాలుగూ వెతికి ఒకసారి చదవండి.