గోధుమ పడని కడుపు: పరీక్షల చరిత్ర

నెత్తుటి పరీక్షలో రోగము కలదని వచ్చినది. పేగునుండి తీసిన ముక్కను చూచిన వైద్యుడు లేదన్నాడు. జన్యుపరీక్ష ఉండవచ్చునని చెప్పినది. ఈ మూడు కాగితములను ముందు పెట్టుకొని, ఇంటిలో చపాతీలు చేయవలెనా, మానవలెనా అని తేల్చుకొనలేని కుటుంబములు నేడు ఉన్నవి. పరీక్షలు ఒకదానితో ఒకటి తగవు పడుతున్నవని వారికి తోచుట సహజము. కాని ఏ పరీక్ష ఏ సందేహమును తీర్చుటకు పుట్టినదో తెలిసికొన్నచో ఆ తగవులో చాలాభాగము తీరిపోవునని మా నమ్మకము.

ఈ రోగమును సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమపిండిని ముద్దగా తడిపి నీళ్లలో పిసికి కడిగితే, గంజి కొట్టుకొనిపోయి రబ్బరువలె సాగే జిగట పదార్థము మిగులుతుంది. అదే గ్లూటెన్. బార్లీలోను, రై అనే ధాన్యములోను ఇటువంటిదే ఉన్నది. దీనిని తిన్నప్పుడు కొందరి శరీరము తన రక్షణబలమును తన చిన్నపేగుపైననే ప్రయోగించుకొంటుంది. విరేచనములు, కడుపుబ్బరము, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల ఆగిపోవుట దాని ఫలితములు.

ఈ వ్యాధి పేరులో ఉన్నది కడుపు అనే అర్థముగల గ్రీకుమాట. దీనిని పోలిన రోగమును ప్రాచీనకాలముననే అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడు వర్ణించినాడు. 1887లో లండను పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే వైద్యుడు దీనినిగూర్చి ఉపన్యసించుతూ, నయమగుట అంటూ ఉంటే అది ఆహారమువల్లనే కావలెనని చెప్పినాడు. దినదినము ఆల్చిప్పల మాంసము తిన్న ఒక బిడ్డ చక్కగా కోలుకొని, వాటి ఋతువు ముగియగానే మరల జబ్బుపడినదని ఆయన వ్రాసినాడు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండ్ల పథ్యమును ప్రచారము చేసినాడు. బిడ్డలు కోలుకొన్నారు. ఘనత అరటిపండుకు దక్కినది. ఆ పథ్యములో రొట్టె లేకపోవుటయే అసలు మందు అని ఎవరికిని తట్టలేదు. ఫలితము నిజమే, దానికి చెప్పుకొన్న అర్థము పొరపాటు. ఈ రోగపు చరిత్రలో ఇటువంటి పొరపాటు ఇదే కడపటిది కాదు.

గోధుమను పట్టుకొన్నవాడు హాలండు దేశమునకు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె. యుద్ధమునకు ముందే ఆయనకు ఆ అనుమానము ఉన్నది. 1944–45 శీతకాలములో జర్మనుల ఆక్రమణలో నున్న ఆ దేశమున భయంకరమైన కరవు వచ్చి, జనులు తులిప్ పూలగడ్డలు సైతము తిన్నారు. రొట్టె దొరకని ఆ దినములలో ఈ రోగపు బిడ్డల స్థితి మెరుగైనది. రొట్టె తిరిగి వచ్చినంతనే రోగమును తిరిగి వచ్చినది. డిక్కె తన సహచరులతో కూడి, గోధుమ పెట్టినప్పుడు, మానినప్పుడు బిడ్డల మలములో ఎంత కొవ్వు పోవుచున్నదో కొలిపించి, 1950లో తన సిద్ధాంతగ్రంథమును సమర్పించినాడు. 1952లో బర్మింగ్‌హాం వైద్యులు దోషము గోధుమ పిండిపదార్థములో లేదు, గ్లూటెన్‌లోనే ఉన్నదని తేల్చినారు. కాని కొవ్వు కొలత, తిన్నది ఒంటబట్టుచున్నదా అన్న ప్రశ్నకే జవాబు. ఎందుచేత ఒంటబట్టలేదో అది చెప్పలేదు.

పేగులోపల చూడవలసివచ్చినది. 1954లో జాన్ పాలీ అనే ఆంగ్ల వైద్యుడు శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను పరీక్షించి, ముఖమలు నూలువలె ఒత్తుగా ఉండవలసిన చూషకములు అరిగిపోయి ఉన్నవని గుర్తించినాడు. కొలది సంవత్సరములలోనే, గొట్టమునకు కట్టి మ్రింగించిన చిన్న లోహపు గుళికతో కోత లేకుండ ముక్క తీసే ఉపాయము వచ్చినది. ఇక సందేహము లేదనుకొన్నారు. కాని చూషకములను అరుగదీసే రోగములు ఇతరములున్నవి. 1960 దశకములో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు ఉత్తర ఆర్కాటు గ్రామములలో పరిశీలించిన స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి అట్టిదే. అందుచేతనే 1969లో యూరపు పిల్లల వైద్యులు ఒక నియమము పెట్టినారు: గోధుమ తినునప్పుడు ఒక ముక్క, మానిన తరువాత ఒకటి, మరల తినిపించి మరియొకటి. తరువాతి కాలములో ఆ నియమము సడలినది. పేగు అంతటా ఒకే తీరున చెడదు. కనుక నేడు ఒకటి కాక పలుచోట్లనుండి ముక్కలు తీయుదురు.

పిమ్మట నెత్తుటి పరీక్షల యుగము. 1983లో ఒక ప్రతిరక్షకమును, 1997లో ఆ ప్రతిరక్షకములు గురిపెట్టే ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే పదార్థమును గుర్తించినారు. 2020నాటి యూరపు మార్గదర్శక సూత్రముల ప్రకారము, బిడ్డల నెత్తుటిలో ఈ ప్రతిరక్షకములు సాధారణపు హద్దుకు పదిరెట్లు, అంతకు మించి ఉండి, రెండవసారి తీసిన నెత్తురును వేరొక పరీక్షలో సరిపడినచో పేగు ముక్క లేకనే నిర్ణయింపవచ్చును. అయినను దీనికి రెండు లోపములున్నవి. ఐజీఏ అనే రక్షకద్రవ్యము పుట్టుకతోనే లేనివారిలో, రోగమున్నను పరీక్ష లేదనే చెప్పును. గోధుమ మానినవారిలో ప్రతిరక్షకములు క్రమముగ తగ్గిపోవును. ఇంటిలో ఎవరో చెప్పగా మూడు నెలలు చపాతీలు మాని, పిమ్మట నెత్తురు ఇచ్చినవాని కాగితము నిజము దాచుటలో ఆశ్చర్యమేమి?

జన్యుపరీక్ష తీరు వేరు. డీక్యూ2, డీక్యూ8 అనే లక్షణములు జనులలో సుమారు మూడవవంతు మందికి ఉన్నవి. వారిలో రోగము వచ్చునది కొలదిమందికే. కనుక ఉన్నదన్న జవాబువల్ల రోగము రుజువు కాదు. రెండును లేవన్న జవాబువల్ల మాత్రము రోగము దాదాపు లేనట్లే. దీనికి మాత్రము గోధుమ తినుట, మానుటతో పనిలేదు.

2016లో ప్రకటింపబడిన ఒక భారతీయ పరిశోధనలో ఈ రోగము ఉత్తరదేశమున నూటికి ఒకరి పైచిలుకు, దక్షిణమున వేయికి ఒకరిలో కనబడినది. జన్యులక్షణములు రెండు చోట్లను ఇంచుమించు సమానమే. తినే గోధుమలో భేదము అపారము. వరి, జొన్న, సజ్జ, రాగి తిన్న మన పెద్దలకు ఈ బాధ తెలియకపోవుటకు కారణము ఇదే కావచ్చును. నేడు మన ఇండ్లలోను రాత్రిపూట చపాతీ, గోధుమరవ్వ ఉప్మా, మైదా పూరీ సామాన్యమైనవి. అంగడి ఇంగువపొడిలో సైతము తరచు గోధుమపిండి కలియును. పథ్యము చేసినను ప్రతిరక్షకములు తగ్గనివారు వంటింటి డబ్బాలను ఒకసారి చూచుకొనవలెను.

మేము వైద్యులము కాము. చరిత్ర చదివినవారుగ చెప్పగలిగినది ఇంతే. పరీక్ష కాకముందే గోధుమ మానుట సాక్షిని ఊరు దాటించుటవంటిది. ఇదివరకే మానినవారు వైద్యుని సలహాపై మరల కొన్ని వారములు తిని పరీక్షకు పోవలెను. అన్ని పరీక్షలును లేదన్న తరువాత కూడ గోధుమతో బాధపడువారు కొందరున్నారు. వారి బాధ అబద్ధము కాదు, దానిని పట్టే నెత్తుటి పరీక్ష ఇంకను లేదు. భిన్నములైన కాగితములు చేతికి వచ్చినప్పుడు, దానిపైని అంకెకంటె ముందు తేదీని చూడవలెను; ఆ తేదీనాటికి ఆ మనిషి ఏమి తినుచుండెనో అడుగవలెను.