సోనాబాయి గృహాలంకారము

రాయపూరు శివారునగల ఉర్లా నేడు ఇనుము, ఉక్కు కర్మాగారముల వాడ. అయినను ఆ ఛత్తీస్‌గఢ సీమలో ఇంటి అలంకారమునకు మూలద్రవ్యము మట్టియే. ఇల్లాలు నేలను, గోడను అలికి, పండుగనాడు బియ్యపుపిండితో ‘చౌక్’ దిద్దును. మన ముగ్గునకు అది తోబుట్టువు.

ఈ విద్య ఎంతవరకు పోగలదో అదే రాష్ట్రపు ఉత్తరభాగమున, సర్గుజా మండలములోని పుహ్‌పుట్రా గ్రామమున సోనాబాయి రజ్వార్ చూపెను. ఆమె 1930 ప్రాంతమున జన్మించెను. వివాహానంతరము పెక్కేండ్లు పరులతో కలయిక లేక ఇంటనే గడపెను. కుమారుని ఆటకై మట్టిబొమ్మలు చేసెను. ఎండను ఆపుటకై వెదురుబద్దలను వలయములుగా వంచి, కట్టి, మట్టి మెత్తి జాలకములు నిలిపెను. వాని సందులలో పక్షులు, పాములు, మనుష్యులు కొలువుదీరిరి. రంగులు ఊరి మట్టినుండియు, చెట్టుచేమలనుండియు, వంటింటి దినుసులనుండియు లభించినవి.

1983లో భోపాలు నగరమందలి భారత్ భవన్ వారు ఆ యింటిని గుర్తించిరి. ఆమెకు జాతీయ పురస్కారము లభించెను. పిమ్మట ఆమె ఆ పని ఇతరులకు నేర్పెను. 2007లో ఆమె కన్నుమూయునాటికే ఆ మట్టిపని విదేశములలోను ప్రదర్శింపబడినది.

ఆ కీర్తి న్యాయమైనదే. కాని ప్రదర్శనశాల గోడపై జాలకమునకు నీడనిచ్చు పని లేదు. దాని బొమ్మలను ఏ బిడ్డయు తాకరాదు. మట్టియిల్లు ఏటేట అలుకు చేతికై ఎదురుచూచును. ఆ చేయి ఆగిననాడు అలంకారము మిగిలినను ఇల్లు మిగులదు. పక్కాయిండ్లకు మారుచున్న పల్లెలలో నేడు తేలవలసిన ప్రశ్న ఇదియే.